పావు వంతు నుంచి ఎనభై ఐదు శాతానికి: మిసిసిపీ పెరోల్ లెక్క

తెలుగు పేపర్లో "ఖైదీకి పెరోల్" అని చదివితే మనకి అర్థమయ్యేది ఒకటే. కూతురి పెళ్ళికో, తల్లి అంత్యక్రియలకో నాలుగు రోజులు ఇంటికి పంపారు, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి అని. అమెరికాలో ఆ మాటకి అర్థం వేరు. ఇక్కడ పెరోల్ వచ్చినవాడు మళ్ళీ జైలుకి వెళ్ళక్కర్లేదు. మిగిలిన శిక్షని బయటే, ఒక అధికారి కనుసన్నల్లో, షరతులకి లోబడి పూర్తిచేస్తాడు. షరతు తప్పితే మాత్రం లోపలికే. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, 'నోటిమాట' అని అర్థం. "పారిపోను, బుద్ధిగా ఉంటాను" అని ఖైదీ ఇచ్చే మాట అన్నమాట. మన దగ్గర దీనికి దగ్గరగా వచ్చేది పెరోల్ కాదు, ఆగస్టు పదిహేనుకి జీవో ఇచ్చి వదిలిపెట్టే శిక్ష తగ్గింపు.

ఈ తేడా ముందే చెప్పడం ఎందుకంటే, నేను రాయబోయేది ఒక అంకె గురించి. పడిన శిక్షలో ఎంత భాగం గడిపితే పెరోల్ అడిగే అర్హత వస్తుంది అన్న అంకె. మిసిసిపీ రాష్ట్రంలో 1995కి ముందు అది సుమారుగా పావు వంతు. 1995 జులై 1 తర్వాత చేసిన నేరాలకి పెరోలే లేదు, శిక్షలో 85 శాతం లోపల గడపాల్సిందే. చట్టం పుస్తకంలో ఒక అంకె తీసి ఇంకో అంకె పెట్టారు. ఆ రోజున దానికి ఖజానా నుంచి ఒక్క డాలరు కూడా కదల్లేదు. తర్వాత ఏమైందన్నది ఈ వ్యాసం.

నేను జాక్సన్ శివార్లలో పదిహేనేళ్ళుగా ఉంటున్నాను. ఇక్కడి శాసనసభకి 'పీర్' అని ఒక కమిటీ ఉంది, ప్రభుత్వ శాఖల ఖర్చుల్ని తవ్వి నివేదికలు రాస్తుంది. మన కాగ్ నివేదికల్లాంటివే, కాకపోతే కొంచెం చిన్నవి, కొంచెం చదవగలిగేవి. ఖైదీ మీద రోజుకి ఎంత ఖర్చవుతోంది, ప్రభుత్వ జైల్లో ఎంత, ప్రైవేటు జైల్లో ఎంత అని పైసలతో సహా లెక్కగట్టి వేస్తారు. మా ఇంట్లో వాళ్ళు దీన్ని కాలక్షేపం కింద ఒప్పుకోరు గానీ, ఈ రాష్ట్రం గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆ నివేదికల వల్లే తెలిసింది.

ఖర్చు సంగతికి ముందు ఆదాయం సంగతి చెప్పాలి. ఎందుకంటే మిసిసిపీలో జైలు మొదట్లో ఖర్చు పద్దు కాదు, జమ పద్దు.

అంతర్యుద్ధం తర్వాత ఈ రాష్ట్రం ఖైదీల్ని ప్రైవేటు వాళ్ళకి కౌలుకి ఇచ్చింది. రైలు మార్గాలు వేసేవాళ్ళు, తోటల యజమానులు డబ్బు కట్టి మనుషుల్ని తీసుకెళ్ళేవాళ్ళు. అందులో అత్యధికులు నల్లవాళ్ళు, చాలామంది చిన్న దొంగతనాలకి పట్టుబడ్డవాళ్ళు. 1890 రాజ్యాంగం ఆ కౌలు పద్ధతికి 1894 చివరిని గడువుగా పెట్టి ముగింపు పలికింది. దయతో అనుకునేరు. కౌలుదార్లు తింటున్న లాభం రాష్ట్రమే తినొచ్చు కదా అన్న ఆలోచన అందులో చాలా ఉంది. 1901లో డెల్టా ప్రాంతంలో, సన్‌ఫ్లవర్ కౌంటీలో, భూమి కొని పార్చ్‌మన్ జైలు మొదలుపెట్టారు. జైలంటే గోడలు కావు, వేల ఎకరాల పత్తి చేను. 1905లో ఆ పొలం రాష్ట్రానికి 1,85,000 డాలర్ల లాభం తెచ్చింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కాపలాకి జీతగాళ్ళని పెట్టుకోవడం కూడా దండగనుకున్నారు. ఖైదీల్లోనే కొందరికి తుపాకులిచ్చి మిగతావాళ్ళ మీద కాపలా పెట్టారు. వాళ్ళని 'ట్రస్టీ'లు అనేవాళ్ళు.

బ్లూస్ సంగీతం వినేవాళ్ళకి పార్చ్‌మన్ పేరు కొత్త కాదు. బుక్కా వైట్, సన్ హౌస్ ఇక్కడ శిక్ష అనుభవించినవాళ్ళే. 1959లో అలన్ లోమాక్స్ ఇక్కడి ఒక క్యాంపులో ఖైదీలు కట్టెలు కొడుతూ పాడిన పాట రికార్డు చేసుకున్నాడు. అది నలభై ఏళ్ళ తర్వాత ఒక హాలీవుడ్ సినిమా మొదట్లో వినబడింది. ముందుండి పాడిన జేమ్స్ కార్టర్‌ని వెతికి పట్టుకుని ఇరవై వేల డాలర్ల చెక్కు ఇచ్చారు. ఆ జైలు ఎవరికైనా డబ్బు తిరిగిచ్చిన సందర్భాల్లో నాకు తెలిసింది అదొక్కటే, అదీ జైలు ఇచ్చింది కాదు.

1972లో గేట్స్ వర్సెస్ కోలియర్ కేసులో ఫెడరల్ జడ్జి విలియం కేడీ ఈ వ్యవస్థ మొత్తం రాజ్యాంగ విరుద్ధమన్నాడు. ఖైదీల చేతిలో తుపాకులు తీసేయాలి, జీతమిచ్చి గార్డుల్ని పెట్టాలి, వైద్యం ఉండాలి, నీళ్ళు, మురుగు కాలువలు బాగుచెయ్యాలి, ఇరుకు తగ్గించాలి. మిసిసిపీ జైళ్ళ శాఖ జమ పద్దు నుంచి ఖర్చు పద్దులోకి మారింది అప్పుడే అని నా లెక్క. ఆ తర్వాత రెండు దశాబ్దాలు రాష్ట్రం కోర్టు చూపు కిందే జైళ్ళు నడిపింది. చోటు చాలకపోతే కౌంటీ జైళ్ళలో కుక్కింది, దానికీ కోర్టు అడ్డు చెప్పింది. ఆ రోజుల్లో లోపల ఒత్తిడి పెరిగినప్పుడు ఆవిరి బయటికి పోయే మార్గం పెరోల్ బోర్డు. ఇది గుర్తుంచుకోండి.

ఇక 1994. అమెరికా అంతా నేరాల భయంతో ఊగిపోతున్న కాలం. మిసిసిపీ గవర్నరు కర్క్ ఫోర్డైస్, పూర్వాశ్రమంలో కాంట్రాక్టరు, మాట కరుకు. ఖైదీలకి టీవీలెందుకు, ఏసీలెందుకు, బరువులెత్తే సామాన్లెందుకు అని శాసనసభ తెగ చర్చించిన రోజులవి. చారల బట్టలు మళ్ళీ తెచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో బిల్ క్లింటన్ పెద్ద నేర చట్టం మీద సంతకం పెట్టాడు. అందులో రాష్ట్రాలకి ఒక ఎర ఉంది. హింసాత్మక నేరాలు చేసినవాళ్ళు శిక్షలో 85 శాతం లోపలే గడిపేలా మీరు చట్టం చేసుకుంటే, జైళ్ళు కట్టుకోవడానికి మేము డబ్బిస్తాం. 1996 నుంచి 2001 దాకా ఈ పథకం కింద వాషింగ్టన్ సుమారు 270 కోట్ల డాలర్లు పంచింది.

రెండు సంగతులు గమనించాలి. ఒకటి, ఆ డబ్బు కట్టడానికి. గార్డుల జీతాలకి, ఖైదీల మందులకి, కరెంటు బిల్లుకి కాదు. పెళ్ళికి పందిరి మామయ్య వేయిస్తాడు, కాపురం ఖర్చు మాత్రం నీదే అన్నట్టు. రెండు, ఫెడరల్ షరతు హింసాత్మక నేరాలకి మాత్రమే. మిసిసిపీ ఆ గీత దగ్గర ఆగలేదు. దొంగ చెక్కులు రాసినవాడికి, మాదకద్రవ్యాలతో దొరికినవాడికి, చిన్న దొంగతనం చేసినవాడికి, అందరికీ కలిపి 85 శాతం అంది. అడిగినదానికంటే ఎక్కువ ఇచ్చి, అడగనిదానికి డబ్బు తనే కట్టుకుంది.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చేద్దాం. ఏటా వెయ్యి మందికి పదేళ్ళ శిక్ష పడుతుందనుకోండి. పావు వంతుకే అందరికీ పెరోల్ వస్తుందనుకుంటే ఒక్కొక్కరు రెండున్నరేళ్ళుంటారు, అంటే ఏ రోజు చూసినా జైల్లో 2,500 మంది. 85 శాతమైతే ఎనిమిదిన్నరేళ్ళు, 8,500 మంది. మూడు రెట్లకి పైన. కానీ అసలు కిటుకు ఇది కాదు. ఈ పెరుగుదల ఎప్పుడు కనబడుతుంది అన్నది కిటుకు. చట్టం మారిన మొదటి రెండున్నరేళ్ళు జైలు జనాభాలో తేడా సున్నా. ఎందుకంటే పాత చట్టమైనా వాళ్ళు ఇంకా లోపలే ఉండేవాళ్ళు. ఆ తర్వాత ఏటా వెయ్యి చొప్పున ఆరేళ్ళు ఎక్కుతూ పోతుంది. 1995లో ఓటేసిన శాసనసభ్యుడికి 1996 బడ్జెట్‌లో ఏమీ కనబడదు. అసలు బిల్లు వచ్చేది 1998 తర్వాత, పూర్తిగా వచ్చేది 2004కి. ఈలోగా రెండు ఎన్నికలు అయిపోతాయి.

దీనికి తోడు రాజ్యాంగం. శిక్షని కఠినం చేసే చట్టాన్ని వెనకటి తేదీ నుంచి అమలు చెయ్యకూడదని అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. అందుకే 1995 జులై 1 తర్వాత చేసిన నేరాలకే కొత్త నిబంధన. పాతవాళ్ళు పాత లెక్క ప్రకారం బయటికి వస్తూనే ఉంటారు. మనకీ ఇలాంటిది ఒకటుంది. 1978లో మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఏ సెక్షన్ చేర్చి, మరణశిక్షకి వీలున్న నేరంలో యావజ్జీవం పడ్డవాడు కనీసం పధ్నాలుగేళ్ళు లోపల ఉండాలన్నారు. 1980లో మారు రామ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని సమర్థించింది గానీ, అది అమల్లోకి రాకముందే శిక్ష పడినవాళ్ళకి వర్తించదంది. న్యాయం రీత్యా ఇది సరైన పద్ధతే. ఖజానా రీత్యా మాత్రం దీనివల్ల ఒక చిత్రం జరుగుతుంది. గట్టి చట్టం ఖర్చు నెమ్మదిగా, చప్పుడు లేకుండా వస్తుంది. మెత్తని చట్టాన్ని ఇప్పటికే లోపలున్నవాళ్ళకి కూడా వర్తింపజేయొచ్చు కనక, దాని ఫలితం రాత్రికి రాత్రే వీధిలోకి వస్తుంది. ఒకరి పేరు పేపర్లో పడుతుంది. రాజకీయ నాయకుడికి ఏది సులువో వేరే చెప్పాలా?

మిసిసిపీకి బిల్లు అనుకున్న వేళకే వచ్చింది. 1994లో సుమారు పదకొండు వేలున్న ఖైదీలు 2007 నాటికి ఇరవై రెండు వేలు దాటారు. ఈ రాష్ట్రం జనాభా ముప్పై లక్షల లోపు, అంటే 2011 లెక్కల ప్రకారం మన పాత కడప జిల్లా అంత. రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ళలో ఉన్నవాళ్ళందరినీ కలిపినా ఇరవై రెండు వేలు కారు. జైళ్ళ శాఖ బడ్జెట్ అదే కాలంలో ఏడాదికి సుమారు పదకొండు కోట్ల డాలర్ల నుంచి ముప్పై కోట్లు దాటింది. దేశంలోకెల్లా పేద రాష్ట్రం ఇది. బడి పంతుళ్ళ జీతాల్లో అడుగున ఉంటుంది. ఆ డబ్బంతా ఎక్కడో ఒకచోట నుంచి తీసి పెట్టిందే.

జైలు ఖర్చులో ఒక తిరకాసు ఉంది, పీర్ నివేదికలు చదివితే అర్థమవుతుంది. ఒక ఖైదీకి రోజుకింత అని వేసే సగటులో గార్డుల జీతాలు, భవనాల అప్పు, కరెంటు అన్నీ ఉంటాయి. ఒక మనిషి అదనంగా వస్తే సగటంతా పెరగదు. ఇంకో కంచం భోజనం, ఇంకో జత బట్టలు, మందులు, అంతే. అందుకే మొదట్లో "ఏముంది, సర్దేద్దాం" అనిపిస్తుంది. మంచాలు నిండేదాకా ఖర్చు చదునైన నేల మీద నడుస్తుంది. నిండగానే మెట్టు. కొత్త జైలు, కొత్త సిబ్బంది, ముప్పై ఏళ్ళ అప్పు. దిగేటప్పుడూ అంతే. వంద మందిని వదిలితే వంద మంది సగటు ఖర్చు మిగలదు. ఒక విభాగమో, ఒక జైలో పూర్తిగా మూస్తే తప్ప గార్డుల జీతాలు తగ్గవు. ఎక్కేటప్పుడు మెట్టు కనబడదు, దిగేటప్పుడు మెట్టు అందదు.

మిసిసిపీ ఆ మెట్లు ప్రైవేటు కంపెనీలతో, కౌంటీలతో కలిసి కట్టించుకుంది. డెల్టాలో పత్తి కోతకి యంత్రాలు వచ్చాక పనుల్లేని ఊళ్ళు చాలా. వాళ్ళకి జైలంటే ఫ్యాక్టరీ. కౌంటీలు బాండ్లు అమ్మి ప్రాంతీయ జైళ్ళు కట్టాయి. రాష్ట్రం తన ఖైదీల్ని పంపి తలకి రోజుకింత అని కట్టింది. నిండకపోయినా ఇంతమందికి డబ్బు ఇస్తాం అనే హామీలు కొన్నిచోట్ల ఉండేవి. ఆ లేని ఖైదీలకి పత్రికలు 'దెయ్యం ఖైదీలు' అని పేరు పెట్టాయి. పేరు ఎవరు పెట్టారో గానీ, మన మస్టర్ రోల్స్ చూసినవాళ్ళెవరికీ వివరించక్కర్లేదు.

అలా ఒక పెరోల్ అంకె చుట్టూ కొత్త లబ్ధిదారులు పుట్టుకొచ్చారు. 1995లో ఆ చట్టం వల్ల లాభపడేవాళ్ళు ఎవరూ లేరు. పదేళ్ళు తిరిగేసరికి షెరీఫులు, కౌంటీ సూపర్‌వైజర్లు, బాండ్లు కొన్నవాళ్ళు, క్యాంటీన్ కాంట్రాక్టర్లు, మందుల కాంట్రాక్టర్లు, అందరికీ జైలు నిండుగా ఉండటం కావాలి. క్రిస్ ఎప్స్ కథ ఇక్కడిదే. 1982లో పార్చ్‌మన్‌లో గార్డుగా చేరి, 2002కల్లా జైళ్ళ శాఖ కమిషనర్ అయ్యాడు. పన్నెండేళ్ళు, వరసగా ముగ్గురు గవర్నర్ల కింద, ఆ కుర్చీలో ఉన్నాడు. సమర్థుడని దేశమంతా పేరు. 2014 నవంబరులో ఫెడరల్ ప్రభుత్వం అతని మీద కేసు పెట్టింది. జైలు కాంట్రాక్టులు ఇప్పించడానికి పది లక్షల డాలర్లకి పైగా లంచాలు తిన్నాడని. 2015లో నేరం ఒప్పుకున్నాడు. 2017లో దాదాపు ఇరవై ఏళ్ళ శిక్ష పడింది. ఫెడరల్ వ్యవస్థలో 1987 నవంబరు తర్వాత చేసిన నేరాలకి పెరోల్ లేదు. 85 శాతం లెక్క అక్కడా ఉంది.

ఇక్కడ ఒక పక్కదారి. అదే 1995లో, అదే 85 శాతం పెట్టి, పెరోల్‌ని పూర్తిగా ఎత్తేసిన ఇంకో రాష్ట్రం వర్జీనియా. అక్కడున్న మన తెలుగువాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో గానీ, గవర్నరు జార్జ్ అలెన్ ఎన్నికల వాగ్దానం అది. వర్జీనియా మాత్రం శిక్షల కొలతల్ని కూడా మార్చింది. హింసాత్మకం కాని నేరాల్లో, పాత రోజుల్లో మనుషులు నిజంగా లోపల గడిపిన కాలం ఎంతో చూసి, జడ్జీలకిచ్చే మార్గదర్శక శిక్షని ఆ స్థాయికి దించింది. పదేళ్ళ శిక్ష వేసి రెండేళ్ళకి వదిలే బదులు, రెండేళ్ళకి దగ్గర్లో శిక్ష వేసి దాదాపు అంతా గడపమంది. ఇంకో నియమం కూడా అక్కడుంది. జైలు కాలాన్ని పెంచే ఏ బిల్లుకైనా రాబోయే ఆరేళ్ళలో ఎన్ని మంచాలు అదనంగా కావాలో లెక్కగట్టాలి, అందులో అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యే ఏడాది మొత్తాన్ని బిల్లులోనే కేటాయించాలి. ఎంతవుతుందో తేల్చలేకపోతే కనీసం 50,000 డాలర్లు పక్కన పెట్టాలి. వర్జీనియా కూడా అవసరానికి మించి జైళ్ళు కట్టి, ఖాళీ మంచాలు వేరే రాష్ట్రాలకి అద్దెకిచ్చుకుంది, అది వేరే కథ. కానీ 'ఈ అంకె మారిస్తే ఎంతవుతుంది' అన్న ప్రశ్న ఓటింగుకి ముందు అడిగారు. మిసిసిపీ శిక్షల పొడవు అలాగే ఉంచి, శాతం మాత్రం మార్చింది.

వెనక్కి నడక త్వరగానే మొదలైంది. 2001లోనే మొదటిసారి తప్పుచేసిన, హింసాత్మకం కాని నేరస్థులకి పావు వంతు మళ్ళీ తెచ్చారు. 2008లో హేలీ బార్బర్ గవర్నరుగా ఉండగా దాన్ని ఇంకా విస్తరించి, 1995 నుంచి శిక్షపడి లోపలున్నవాళ్ళకి కూడా వర్తింపజేశారు. బార్బర్ మెతక మనిషేం కాదు, రిపబ్లికన్ పార్టీ జాతీయ అధ్యక్షుడిగా చేసినవాడు. ఆయన్ని కదిలించింది బడ్జెట్. చట్టం వచ్చిన మొదటి ఏడాదిలో ముందుగా విడుదలైన సుమారు మూడు వేల మందిని లెక్కగట్టి చూస్తే, తిరిగి జైలుకొచ్చినవాళ్ళు 121 మంది. అందులో కొత్త నేరం చేసినవాళ్ళు ఐదుగురు. మిగతా 116 మంది పెరోల్ షరతులు తప్పినవాళ్ళు.

ఈ ఐదు అన్న అంకె నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ మూడు వేల మంది 85 శాతం చట్టం కింద లోపలే ఉండి ఉంటే వాళ్ళ మీద పెట్టిన ఖర్చు దేనికోసం అని అడగాల్సి వస్తుంది. ఖర్చంటే డాలర్లే కాదు కూడా. దొంగ చెక్కు కేసులో పావు వంతుకి బయటికి రావాల్సిన మనిషి, అంతకి మూడు రెట్లకి పైగా లోపల గడిపితే, ఆ మిగిలిన ఏళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు. ఆ పిల్లల్ని ఎవరు పెంచారో, వాళ్ళ ఫుడ్ స్టాంపులు ఎవరి పద్దులో పడ్డాయో పీర్ నివేదికలో ఉండదు. అది వేరే శాఖ.

వేరే శాఖ అన్నాను కనక ఇంకో సంగతి. జైల్లో ఉన్నవాడికి ఫెడరల్ వైద్య సహాయం, అంటే మెడికెయిడ్, దాదాపుగా అందదు. బయటి ఆసుపత్రిలో ఒక రోజుకి మించి చేర్చుకుంటే తప్ప. మెడికేర్ కూడా అంతే. డయాలిసిస్ చేయించుకునే అరవై ఏడేళ్ళ ముసలాయన లోపల ఉంటే ఆ ఖర్చు రాష్ట్రానిది. పెరోల్ మీద బయటికొస్తే మెడికేర్‌ది, అంటే వాషింగ్టన్‌ది. 85 శాతం, యావజ్జీవం, అలవాటు నేరస్థుల చట్టం, ఇవన్నీ కలిసి జైళ్ళలో ముసలితనాన్ని పోగేశాయి. ఫెడరల్ డబ్బు ఎరకి ఆశపడి మొదలుపెట్టిన పని చివరికి ఫెడరల్ డబ్బు రాకుండా చేసింది.

2008 తర్వాత తగ్గినట్టే తగ్గి, 2013కల్లా ఖైదీలు మళ్ళీ ఇరవై రెండు వేలు దాటారు. ఈసారి ఒక టాస్క్ ఫోర్స్ వేసి ముందుచూపు లెక్క గట్టించారు. ఏమీ చెయ్యకపోతే పదేళ్ళలో అదనంగా 26.6 కోట్ల డాలర్లు అవుతుందని తేలింది. 1994లో అడగని ప్రశ్నని ఇరవై ఏళ్ళ తర్వాత అడిగారు. ఫిల్ బ్రయంట్ గవర్నరుగా 2014లో హౌస్ బిల్లు 585 వచ్చింది. హింసాత్మక నేరాలకి కనీసం సగం, మిగతావాటికి పావు. జనాభా గబగబా తగ్గింది. మిగిలిన డబ్బు మాత్రం గార్డుల జీతాలకీ, బయటికొచ్చినవాళ్ళకి పని నేర్పడానికీ వెళ్ళలేదన్నది అప్పటి నుంచీ వినబడుతున్న విమర్శ. వాల్‌నట్ గ్రోవ్ ప్రైవేటు జైలు 2016లో మూతపడింది. కట్టడానికి తీసుకున్న అప్పు మూతపడలేదు. ఖాళీ భవనానికి వాయిదాలు కడుతూ వచ్చారు.

2019 చివరి వారంలో మొదలై 2020 జనవరి అంతా పార్చ్‌మన్‌లో, ఇతర జైళ్ళలో ఖైదీలు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. గొడవలు, హత్యలు, ఆత్మహత్యలు. గార్డుల ఖాళీలు సగానికి సగం. ఫోన్లలో తీసిన వీడియోలు బయటికొచ్చాయి, నీళ్ళు నిలిచిన గదులు, చీకటి నడవలు. అప్పుడే పదవిలోకొచ్చిన టేట్ రీవ్స్ అక్కడి 29వ యూనిట్ మూసేస్తామన్నాడు. వందల మందిని దగ్గర్లోని టట్‌వైలర్‌లో ఒక ప్రైవేటు జైలుకి తరలించారు. ఒకప్పుడు ఇదే జైల్లో కాలిఫోర్నియా తన మిగులు ఖైదీల్ని పెట్టి అద్దె కట్టింది. 2022 ఏప్రిల్లో ఫెడరల్ న్యాయశాఖ పార్చ్‌మన్ పరిస్థితులు రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తున్నాయని నివేదిక ఇచ్చింది. జడ్జి కేడీ తీర్పుకి సరిగ్గా యాభై ఏళ్ళు.

పెరోల్ అర్హతని ఇంకా విస్తరించే బిల్లుని రీవ్స్ 2020లో వీటో చేశాడు. మరుసటి ఏడాది కొద్ది మార్పులతో వచ్చిన బిల్లు మీద సంతకం పెట్టాడు. హింసాత్మకం కానివాటికి పావు వంతు లేదా పదేళ్ళు, హింసాత్మకమైన వాటికి సగం లేదా ఇరవై ఏళ్ళు, కొన్నిటికి అరవై శాతం లేదా పాతికేళ్ళు. వేల మందికి ఒక్కసారిగా అర్హత వచ్చింది. 2022 మొదట్లో ఖైదీల సంఖ్య పదిహేడు వేల లోపుకి దిగింది. జైళ్ళ బరువు దిగినట్టేనని ఇక్కడి స్నేహితులు అనుకున్నారు.

అర్హత వేరు, విడుదల వేరు. అర్హత చట్టం ఇస్తుంది, విడుదల బోర్డు ఇస్తుంది. బోర్డులో ఐదుగురు, అందరినీ నియమించేది గవర్నరు. 2022లో బోర్డుకి కొత్త ఛైర్మన్ వచ్చాడు. పెరోల్ ఇచ్చే నిష్పత్తి బాగా పడిపోయింది. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు, 2023లో ఖైదీలు మళ్ళీ పంతొమ్మిది వేలకి వచ్చారు. దీనికి ఏ ఖర్చు నివేదికా అక్కర్లేదు, ఏ ఓటింగూ అక్కర్లేదు. ఒక గదిలో ఐదుగురు "ఇప్పుడు కాదు" అంటే చాలు. బడ్జెట్ వేసే శాసనసభకి ఆ గదిలో కుర్చీ లేదు.

2021 చట్టానికి మూడేళ్ళ గడువు పెట్టారు. 2024లో అది ముగిసిపోతుంటే మరో మూడేళ్ళు పొడిగించారు. 2027 జులై 1కి మళ్ళీ గడువు.